సీజన్ అయిపోయాక నది ఒడ్డు ఊళ్లో చేసేదేముంది?

#1 · తీరం_బాటసారి

అందరికీ నమస్కారం. ఒకవైపు నది, మూడువైపులా అడవి, మధ్యలో నాలుగు వీధులు. ఇలాంటి చిన్న ఊళ్లంటే మా ఇంటిల్లిపాదికీ పిచ్చి. సమస్య ఏంటంటే, ఎక్కడ అడిగినా ఒకే రెండు నెలల పేరు చెబుతారు. ఆ రెండు నెలల్లో వెళ్తే ఒడ్డున కాలు పెట్టే చోటు ఉండదు. మిగతా పది నెలల గురించి అడిగితే "ఇప్పుడు సీజన్ కాదండీ, వచ్చి ఏం చేస్తారు" అంటారు.

నిజంగానే చేసేదేమీ ఉండదా? మాలో బాగా ఈత వచ్చినవాళ్లున్నారు, నీళ్లు చూస్తేనే టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. తొమ్మిదేళ్ల పాప ఉంది. ఏ దేశం సంగతైనా సరే, తెలిసినవాళ్లు చెప్పండి.

#2 · రాత్రి_డ్యూటీ

"ఏడాది పొడుగునా వినోదం" అనేది బ్రోషర్లు వేసేవాళ్ల మాట. మాల్‌లో ఎస్కలేటర్ లాగా ఎప్పుడు వెళ్లినా ఒకే తీరున తిరుగుతూ ఉండటానికి అది నది కదా! సీజన్ కాదన్నారంటే కాదనే అర్థం. ఇంట్లో కూర్చోండి, నదికీ కాస్త విశ్రాంతి.

#3 · పాతతెడ్డు

రాత్రి_డ్యూటీ గారి మాటలో సగం నిజముంది. మిగతా సగం నేను చెబుతాను. చాలా ఏళ్లు రాఫ్ట్ గైడ్‌గా పనిచేశాను, ఇప్పుడు కొత్త కుర్రాళ్లకి తెడ్డు పట్టడం నేర్పుతున్నాను.

ఏ నదికి వెళ్లాలన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? కొండల మీది మంచు కరిగి వచ్చే నది ఎండలు ముదిరాకే పొంగుతుంది. పొద్దున చూసిన నది సాయంత్రానికి అలాగే ఉండదు కూడా. పగటి ఎండకి కరిగిన నీళ్లు కిందికి చేరేసరికి పొద్దు వాలుతుంది. అందుకే అలాంటి చోట్ల వాగు దాటే పని ఉంటే తెల్లవారగానే కానిచ్చేస్తారు.

వాన నది లెక్క వేరు. వానలు లేకపోతే రాళ్లు తేలతాయి, మరీ ఎక్కువైతే ఎవరూ దిగకూడదు. రిషీకేశ్‌లో జులై, ఆగస్టుల్లో రాఫ్టింగ్ ఆపేసి, వరద తీశాక సెప్టెంబర్‌లో మళ్లీ మొదలుపెట్టేది అందుకే.

మూడోది డ్యామ్ నది. దాండేలి దగ్గర కాళీ నదిలో రాఫ్ట్ కదలాలంటే పైన సూపా డ్యామ్‌లో కరెంటు తయారీకి నీళ్లు వదలాలి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో గాలీ అని ఒక నది ఉంది. దాని మీదున్న సమ్మర్స్‌విల్ డ్యామ్‌లో చలికాలపు వరదలకి చోటు ఉంచడం కోసం ఏటా శరత్కాలంలో నీళ్లు దించుతారు. ఎటూ వదిలే నీళ్లే కదా, వాటిని రాఫ్టింగ్‌కి పనికొచ్చేలా వదలాలని 1986లో అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్ అంటారు) ఏకంగా చట్టమే చేసింది. సెప్టెంబర్‌లో వాళ్ల లేబర్ డే సెలవు దాటాక మొదలై అక్టోబర్ దాకా వారాంతాల్లో నడుస్తుంది. వేసవి జనమంతా ఇళ్లకి వెళ్లిపోయాక ఆ చుట్టుపక్కల చిన్న ఊళ్లకి అసలు హడావుడి అప్పుడే. కాబట్టి "సీజన్" అనేది ఊరిని బట్టి, పైనున్న గేటును బట్టి మారుతుంది.

#4 · లోతెంత

పాతతెడ్డు అన్నా, క్యూసెక్కులు అని పేపర్లో చదవడమే గానీ నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఎన్ని క్యూసెక్కులుంటే దిగొచ్చు?

#5 · పాతతెడ్డు

లోతెంత: పేరుకి తగ్గ ప్రశ్నే అడిగావు తమ్ముడూ.

అన్ని నదులకీ పనికొచ్చే అంకె లేదు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. కొన్ని దేశాల్లో క్యూమెక్కుల్లో చెబుతారు, అంటే సెకనుకి ఘనపు మీటరు. ఒక క్యూమెక్కుకి సుమారు 35 క్యూసెక్కులు. ఈ తేడా తెలియక "ఇక్కడ 60యే ఉంది, ఏముందిలే" అనుకుని బయల్దేరేవాళ్లున్నారు! అది 60 క్యూమెక్కులైతే రెండు వేల క్యూసెక్కులు దాటినట్టు. అవే రెండు వేల క్యూసెక్కులు వెడల్పాటి ఇసుక నదిలో మోకాలి లోతున పారతాయి, ఇరుకు లోయలో గోడలా లేచి మీద పడతాయి. అందుకే ఒక నది అంకెని అదే నది మామూలు రోజు అంకెతో పోల్చి చూడాలి. ఇంకో మాట: నీటి వేగం రెట్టింపైతే అది మన మీద వేసే తోపు నాలుగింతలవుతుంది. నిన్న నిలబడగలిగిన చోట ఇవాళ నిలబడలేకపోవడానికి కారణం ఇదే.

ఉరవడికి ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లు ఉంటాయి. ఒకటి, రెండు ఇంటిల్లిపాదికీ. మూడు అంటే గైడ్ ఉంటే కేకలు, లేకపోతే ఏడుపులు. నాలుగు, ఐదు బాగా నేర్చినవాళ్లకే. ఆరు జోలికి పోకపోవడమే మంచిది. నీళ్లు పెరిగితే గ్రేడూ మారుతుంది, బోర్డు మీద రాసిన అంకె మాత్రం అలాగే ఉంటుంది.

అంకెలేవీ దొరకకపోతే ఒడ్డున బండరాళ్లు చూడు. నీటి మట్టానికి పైన తడి చార ఒకటి నల్లగా కనబడితే నది తగ్గుతున్నట్టు. తడి చార లేకుండా నీళ్లు నేరుగా పొడి రాయిని తాకుతుంటే, ఒడ్డు గడ్డి మునిగి నీళ్లలో ఊగుతుంటే, పెరుగుతున్నట్టు. రంగు మారి పుల్లలు, ఆకులు కొట్టుకొస్తుంటే ఇక చూడక్కర్లేదు, పైకి వచ్చెయ్.

#6 · ఆకురాలు_కాలం

రాఫ్టింగ్ అభిమానులంతా నన్ను క్షమించాలి. నది ఊరంటే నీళ్లలో దిగడమేనా? నేను వెళ్లేది ఒడ్డున నడవడానికి, సైకిల్ తొక్కడానికి. నా లెక్కలో ఊరికి ఏడాదంతా మనుషుల్ని తెచ్చేది దారి.

వర్జీనియాలో డమాస్కస్ అని వెయ్యి మంది జనాభా కూడా లేని ఊరు. అపలాచియన్ ట్రయిల్ అనే దూరప్రయాణపు కాలిబాట సరిగ్గా ఊరి నడివీధిలోంచి వెళ్తుంది. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన 55 కిలోమీటర్ల వర్జీనియా క్రీపర్ ట్రయిల్ కూడా ఆ ఊళ్లోంచే పోతుంది. మే నెలలో దూరప్రయాణపు నడక మనుషులు, వేసవిలో పిల్లలతో సైకిళ్లు, అక్టోబర్‌లో ఆకుల రంగులు చూసేవాళ్లు. రైలు దారి కాబట్టి ఎక్కడా నిటారు ఎక్కుడు ఉండదు. వ్యాన్‌లో పైన వైట్‌టాప్ దాకా వెళ్లి, అక్కడి నుంచి వాగు పక్కన దిగుతూ వచ్చేయడం చాలామంది చేసే పని. తొమ్మిదేళ్ల పాపకి ఇంతకన్నా ఏం కావాలి?

విస్కాన్సిన్‌లో హేవర్డ్ చూడండి. ఫిబ్రవరిలో కేబుల్ అనే ఊరి నుంచి హేవర్డ్ దాకా 50 కిలోమీటర్ల స్కీ పోటీ, అమెరికన్ బిర్కెబైనర్, 1973 నుంచీ జరుగుతోంది. సెప్టెంబర్‌లో మౌంటెన్ బైక్ పోటీ హేవర్డ్ నుంచి కేబుల్ వైపు, కొంత దూరం ఆ స్కీ దారి మీదే. మధ్యలో నమెకాగన్ నదిలో పడవలు. 1968లో అమెరికాలో మొట్టమొదట చట్టంతో కాపాడిన ఎనిమిది నదుల్లో సెయింట్ క్రాయ్‌తో పాటు ఇదీ ఉంది. అడవి ఒకటే, దారి ఒకటే. మనుషుల కాళ్ల కింద ఉన్నది మాత్రం నెలకొకటి మారుతుంది.

#7 · రాత్రి_డ్యూటీ

ఆకురాలు_కాలం గారూ, మీరు చెప్పిన రెండు ఊళ్ల గురించే నాకు తెలిసింది చెబుతా. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ హరికేన్ వచ్చింది. డమాస్కస్ నుంచి వైట్‌టాప్ దాకా ఆ ట్రయిల్ వంతెనలతో సహా కొట్టుకుపోయింది. వాగు పక్కన దిగుతూ రావడం అన్నారే, ఆ వాగే తీసుకెళ్లింది. అదే ఏడు ఫిబ్రవరిలో హేవర్డ్ పోటీకి మంచే పడలేదు. యంత్రాలతో మంచు చేసి, పది కిలోమీటర్ల చుట్టు దారి వేసి, అందులోనే తిప్పారు.

ఇప్పుడు చెప్పండి, ఏడాది పొడుగునా అన్న మాటకి గ్యారంటీ ఎవరిస్తారు?

#8 · ఆకురాలు_కాలం

గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. కానీ మీ ఉదాహరణలే నా వైపు మాట్లాడుతున్నాయి చూడండి. డమాస్కస్‌లో కొట్టుకుపోయింది పై సగం. ట్రయిల్ ఇంకో కొసన ఉన్న అబింగ్‌డన్ ఊరి వైపు కింది సగం మిగిలింది, సైకిళ్లు అక్కడ తిరిగాయి. హేవర్డ్‌లో మంచు లేకపోయినా పోటీ ఆగలేదు. ఒక్క రాఫ్టింగ్ మీదో ఒక్క స్కీ మీదో బతికే ఊరు దెబ్బ తగిలితే కూర్చుండిపోతుంది. నాలుగు రకాల పనులున్న ఊరు కుంటుతూ అయినా నడుస్తుంది.

#9 · చలిమనిషి

మంచు మాట వచ్చింది కాబట్టి తలదూరుస్తున్నా. గడ్డకట్టిన చెరువు వేరు, గడ్డకట్టిన నది వేరు. స్వచ్ఛంగా, గట్టిగా ఉన్న మంచుగడ్డ నాలుగు అంగుళాల మందం ఉంటే మనిషి నడవొచ్చని చలి దేశాల్లో లెక్క. తెల్లగా, బుడగలతో ఉన్నదైతే బలం సగమే అనుకోవాలి. నది మీద ఆ లెక్క చెల్లదు. పైన ఎంత గట్టిగా కనిపించినా కింద ప్రవాహం దాన్ని అరగదీస్తూనే ఉంటుంది, అడుగు దూరంలోనే మందం మారిపోతుంది. చలికాలంలో నది ఊరికి వెళ్తే ఒడ్డు దారులు నడవండి, జంతువుల అడుగుజాడలు చూడండి. మంచు మీద అవి పుస్తకం చదివినంత స్పష్టంగా ఉంటాయి. నది మధ్యకి మాత్రం వెళ్లకండి.

చీకటి తొందరగా పడుతుంది, టార్చ్ తప్పనిసరి. వేటకి అనుమతి ఉన్న దేశాల్లో శరత్కాలంలో వేట సీజన్ తేదీలు కనుక్కుని, మెరిసే నారింజ రంగు చొక్కా వేసుకుని అడవిలోకి అడుగు పెట్టాలి.

#10 · పిట్టచూపు

ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ పిట్టల గురించి ఎత్తలేదు, బాధేసింది. సీజన్ కాదన్న నెలల్లోనే మాకు పండగ.

నాగాలాండ్‌లో దొయాంగ్ జలాశయం పక్కన పాంగ్తీ అని ఊరుంది. సైబీరియా, ఉత్తర చైనా వైపు నుంచి ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళ్లే అముర్ డేగలు అక్టోబర్, నవంబర్‌లలో అక్కడ ఆగుతాయి. 2012 దాకా వేలకి వేలు వలల్లో పట్టి చంపేవారు. ఆ విషయం బయటపడి గొడవయ్యాక, 2013 నుంచి ఊళ్లవాళ్లే వేట ఆపేసి కాపలా కాస్తున్నారు. ఇప్పుడు ఆ డేగల్ని చూడటానికే జనం వెళ్తున్నారు. సాయంత్రం ఆకాశం నిండా తిరిగి తిరిగి ఒక్కసారిగా చెట్ల మీదికి దిగుతాయి. దీనికి తెడ్డూ అక్కర్లేదు, ఈతా అక్కర్లేదు, ఒక బైనాక్యులర్ చాలు.

రాత్రి సంగతి కూడా చెబుతాను. ఇంగ్లండ్ ఉత్తరాన కీల్డర్ అని అడవి మధ్య చిన్న ఊరు. చుట్టూ వెలుతురు లేదు కాబట్టి 2013లో ఆ ప్రాంతాన్ని డార్క్ స్కై పార్క్‌గా గుర్తించారు. అక్కడ జూన్‌లో పూర్తి చీకటే పడదు. నక్షత్రాలు చూడాలంటే చలికాలమే వెళ్లాలి. టూరిస్టుల్లేక బోసిపోవాల్సిన నెలలు కాస్తా అసలు నెలలైపోయాయి. మన దగ్గర పెంచ్ టైగర్ రిజర్వ్‌కి 2024 జనవరిలో దేశంలోనే మొదటిసారి ఇలాంటి గుర్తింపు వచ్చింది. అడవి ఊరికి చీకటి కూడా ఒక ఆస్తి అని చాలామందికి తట్టదు, పోటీపడి హైమాస్ట్ లైట్లు పెట్టిస్తారు.

#11 · తీరం_బాటసారి

పిట్టచూపు గారూ, చాలా థ్యాంక్స్ అండి. పాపకి మిణుగురులంటే ప్రాణం. వాటికోసం ప్రత్యేకంగా వెళ్లే చోట్లు ఉన్నాయని విన్నాను. తీసుకెళ్లొచ్చా?

#12 · పిట్టచూపు

తీసుకెళ్లండి, కానీ చూసే పద్ధతి తెలుసుకుని వెళ్లండి. గాలిలో తిరుగుతూ మెరిసేవి చాలావరకు మగవి. ఆడవి కింద గడ్డిలో, చిన్న మొక్కల మీద కూర్చుని బదులుగా మెల్లగా వెలుగుతాయి. మనం ఫొటో కోసం దారి దాటి గడ్డిలో అడుగేస్తే తొక్కేది వాటినే, వచ్చే ఏటి మిణుగురుల్ని అక్కడే నలిపేసినట్టు. ఫోన్ లైటు, కారు హెడ్‌లైటు పడితే వాటి మాటామంతీ మొత్తం ఆగిపోతుంది. టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి నేలకేసి పట్టుకోవాలి.

అమెరికాలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అడవుల్లో ఎల్క్‌మాంట్ దగ్గర మే ఆఖరు, జూన్ మొదట్లో మిణుగురులు అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరతాయి. జనం తట్టుకోలేక లాటరీ తీసి, పేరు వచ్చిన బండ్లనే ఆ రాత్రులు రానిస్తారు. మహారాష్ట్రలో భండార్‌దరా వైపు వానలు మొదలయ్యే ముందు ఇదే తంతు, ఇదే తొక్కిడి. నా సలహా, పేరున్న చోటు మానేసి, వాన ముందు రోజుల్లో మీకు దగ్గర్లో తేమ ఉన్న ఏ వాగు ఒడ్డుకైనా వెళ్లి అరగంట చీకట్లో కూర్చోండి.

#13 · మోడరేటర్

ఇప్పుడే ఒక పోస్టు తీసేశాను. చిన్న ఆనకట్ట కింద నురగలో దిగి తీసిన రీలు లింకు అది, "లోతు నడుము దాకే, మస్తు మజా" అని రాశారు. ఇక్కడ అలాంటివి వద్దు. పాతతెడ్డు గారూ, ఎందుకు వద్దో రెండు ముక్కలు రాస్తారా?

#14 · పాతతెడ్డు

రెండు ముక్కలతో అయ్యేది కాదు.

చెక్‌డ్యామ్ చూడటానికి మూడడుగుల గోడ. నీళ్లు దాని మీద నుంచి పరుపులా జారుతుంటే ముద్దుగా ఉంటుంది. పడిన నీళ్లు అడుగుకి వెళ్లి, కొంచెం దూరం పోయి పైకి లేచి, పైన మళ్లీ గోడ వైపే తిరిగొస్తాయి. అందులో పడ్డ మనిషిని గోడ దగ్గరికి లాక్కెళ్లి, మీద పడే నీళ్లతో కిందికి తొక్కి, కాస్త అవతల తేల్చి, మళ్లీ లాగుతాయి. ఆ నురగలో సగం గాలే కాబట్టి లైఫ్ జాకెట్ కూడా మామూలుగా తేల్చలేదు. గోడ ఒడ్డు నుంచి ఒడ్డుకి సమంగా ఉంటుంది కాబట్టి పక్కకి తప్పుకునే సందు దొరకదు. సహజమైన జలపాతంలో ఎక్కడో ఒక చోట నీళ్లు బయటికి తోస్తాయి, మనిషి కట్టిన గోడ దగ్గర ఆ అదృష్టం లేదు. రక్షించబోయినవాళ్లు కూడా పోయేది ఇలాంటి చోటే. పై నుంచి పడవలో వచ్చేవాళ్లకి అక్కడ గోడ ఉన్నట్టే కనబడదు, నది ఒక గీత దగ్గర ఆగిపోయినట్టుంటుంది. ఆ గీత కనబడగానే ఒడ్డుకి చేరి పడవ మోసుకెళ్లాలి.

రెండోది, కొట్టుకొచ్చి అడ్డంగా పడిన చెట్టు. నీళ్లు కొమ్మల సందుల్లోంచి పోతాయి, మనిషి పోడు. వరద తీసిన కొత్తలో ఇవి ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, అందుకే సీజన్ మొదటి వారాల్లో ముందుగా గైడ్లు దిగి చూసి రావాలి. చెట్టు సంగతి అలా ఉంచితే, మామూలుగా రాఫ్ట్‌లోంచి నీళ్లలో పడిపోతే వెల్లకిలా పడుకుని కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టుకోండి. మోకాలి పైకి లోతున్న జోరు నీళ్లలో లేచి నిలబడే ప్రయత్నం వద్దు, పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే వెనక నీళ్లు మనిషిని ముందుకి వంచి ముంచుతాయి.

ఇక చల్లని నీళ్లు. గాలి కన్నా నీళ్లు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయి. బాగా చల్లటి నీళ్లలో పడితే ఒకటి, పది, ఒకటి అని గుర్తుపెట్టుకోమని నేర్పుతాం. మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత పది నిమిషాలే చేతులు, కాళ్లు చెప్పిన మాట వింటాయి. స్పృహ తప్పడానికి గంట దాకా పట్టొచ్చు. కానీ జాకెట్ లేనివాడు ఆ గంట దాకా ఉండడు, పది నిమిషాలయ్యాక ఈదలేక మునుగుతాడు. వసంతంలో ఎండ బాగుంది కదా అని దిగేవాళ్లు గాలిని చూసి దిగుతారు, పడేది మాత్రం కరిగిన మంచులో.

ఒకచోట నిర్వాహకులు నీళ్లు పెరిగాయని తెలిసి కూడా బుకింగ్ డబ్బులు వెనక్కివ్వాల్సి వస్తుందని రాఫ్టులు దింపమన్నారు. నేను, ఇంకో ఇద్దరు గైడ్లు మేం దిగేది లేదన్నాం. మర్నాడు మాకు పని లేదు. అందుకే చెబుతున్నా, బుక్ చేసే ముందు "ఏ మట్టం దాటితే ట్రిప్ రద్దు చేస్తారు, డబ్బు వెనక్కిస్తారా" అని అడగండి. సూటిగా అంకె చెప్పినవాళ్ల దగ్గరికే వెళ్లండి.

#15 · లోతెంత

అమ్మో. అన్నా, దండం.

#16 · రాత్రి_డ్యూటీ

పాతతెడ్డు గారి పోస్టుకి వంద లైకులు కొట్టాలనుంది. ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను. మాది ఇలాంటి ఊరే, పేరు చెప్పను. బయటివాళ్లు వచ్చి వెళ్తారు, మేం ఉంటాం. ఏడాదంతా జనం రావాలని అందరూ కోరుకునేవాళ్లే గానీ, దారి ఎప్పుడు మూయాలో ఎవరూ మాట్లాడరు. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలో మంచు కరిగే బురద నెలల్లో, మార్చి చివర నుంచి మే ఆఖరు దాకా, ఎత్తు దారుల్లో నడవొద్దని అక్కడి నడక సంఘాలే చెబుతాయి. మోంటానా రాష్ట్రంలో ఎండలకి నది వేడెక్కితే మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడం ఆపేస్తారు, ట్రౌట్ చేప వేడి నీళ్లలో గాలానికి చిక్కితే వదిలినా బతకడం కష్టం. అలా మూసే ధైర్యం ఉన్న ఊరు "ఏడాది పొడుగునా" అంటే నేను నమ్ముతాను.

#17 · ఆకురాలు_కాలం

ఈ విషయంలో మీతో గొడవ లేదు. తడి దారిలో ఒక్క సైకిల్ వెళ్లినా టైరు గాడి పడుతుంది, తర్వాతి వాన ఆ గాడినే కాలువ చేసుకుంటుంది. చెప్పు బురదకి అతుక్కుంటోందంటే వెనక్కి తిరగాలి. మధ్యలో చిన్న గుంట వస్తే పక్కనుంచి తప్పుకోకుండా దాంట్లోంచే నడవాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి అడుగు వెడల్పు దారి పదడుగులవుతుంది. బూట్లు తడుస్తాయి, తడవనివ్వండి.

దారులు మూసిన వారాల్లో నేను పాత రైలు దారుల్లాంటి గట్టి కంకర దారులకి వెళ్తాను, నిప్పు భయంతో అడవి మూసే ఎండల్లో పొద్దున్నే నది ఒడ్డుకి. ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లేటప్పుడు పడవా, బూట్లూ కడిగి, నీళ్లు ఒంపేసి, పూర్తిగా ఆరబెట్టాలి. లేకపోతే కంటికి కనబడని నత్తలు, నాచు మనతో పాటు ప్రయాణం చేస్తాయి.

#18 · తీరం_బాటసారి

ఇంత వస్తుందనుకోలేదు. మా ప్లాన్ ఇలా మార్చాను: వానల ముందు మిణుగురులు, వరద తీసి గైడ్లు ఒకసారి చూసొచ్చాక గ్రేడ్ రెండు రాఫ్టింగ్, చలికాలం ఒడ్డు నడకా నక్షత్రాలూ. అన్నీ వారం మధ్యలోనే. నీళ్లంటే భయపడే మా అక్కకి సైకిల్. రాత్రి_డ్యూటీ గారూ, మీ ఊరికి రాను, కంగారు పడకండి.

#19 · రాత్రి_డ్యూటీ

మీరు రావచ్చు. ఆ రీలు పెట్టినాయన రాకపోతే చాలు.

#20 · లోతెంత

చివరి ప్రశ్న. పాపకి లైఫ్ జాకెట్ సైజు ఎలా చూడాలి? పెద్దవాళ్లది బిగించి కడితే సరిపోతుందా?

#21 · పాతతెడ్డు

సరిపోదు. లోపలి లేబుల్ మీద ఎన్ని కిలోల బరువుకో రాసి ఉంటుంది, పాప బరువు ఆ హద్దుల్లో ఉండాలి. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు కింది నుంచి పైకి బిగించండి. తర్వాత చేతులు పైకెత్తమని చెప్పి, భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి ముఖం మీదికి వచ్చిందంటే వదులు, ఇంకో సైజు అడగండి. పిల్లలకి కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్నదే తీసుకోండి, అది లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి తేలి పాప కిందికి జారిపోతుంది. హెల్మెట్‌కీ ఇదే పరీక్ష: ముందు నుంచి అరచేత్తో వెనక్కి తోస్తే నుదురు కనబడకూడదు. ఇవి ఒడ్డునే చూసుకోండి, రాఫ్ట్ ఎక్కాక ఎవరూ ఆపరు.